చేత్తో ఎత్తిన కాళ్ళు

జూలై 7, సోమవారం

లక్ష్మీనారాయణ సార్ కళ్ళు పచ్చగా ఉన్నాయి.

హెర్నియా కేసు అయ్యాక మాస్కు తీసి చేతులు కడుక్కుంటుంటే కిటికీ వెలుతురులో చూశాను. ఆయనే అద్దంలోంచి నన్ను చూసి, "ఏంటమ్మాయ్, పసుపు పూసుకున్నట్టున్నానా?" అన్నారు.

"ఎప్పటినుంచి సార్?"

"దురద మొదలై వారం. పచ్చదనం నిన్నటినుంచి."

"ఇంట్లో అక్కకి చెప్పారా?"

"ఝాన్సీకా? చెప్తే కేసులు మానుకోమంటుంది."

వచ్చే గురువారం రెండు కేసులున్నాయని, త్వరగా రమ్మని చెప్పి వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళుగా తెనాలిలో ఆయన కోస్తే మత్తు నేనిచ్చాను. ఆ ఇరవై ఏళ్ళలో ఆయన చేతులు ఇంత నెమ్మదిగా కడుక్కోవడం ఎప్పుడూ చూడలేదు.

జూలై 9, బుధవారం

గుంటూరులో స్కాన్ తీయించారు. క్లోమం తల దగ్గర గడ్డ. ఫిల్ము ఎవరి చేతికీ ఇవ్వలేదు. తనే దీపం ముందు పెట్టుకుని, వేరెవరిదో చూస్తున్నట్టు చూశారు. "చిన్నదే. తియ్యొచ్చు" అన్నారు. ఆ మాట రోగులకి చెప్పే గొంతుతోనే తనకీ చెప్పుకున్నారు.

జూలై 12, శనివారం

విజయవాడ వెళ్దామన్నాను. హైదరాబాదు అన్నాను. నెల్లూరులో ఎవరో ఉన్నారని మా తమ్ముడు షఫీక్ కూడా కళ్ళజోళ్ళ షాపులో కూర్చునే ఫోన్లు చేసి కనుక్కున్నాడు. సార్ విన్నారు, తలూపారు. చివరికి తేల్చింది ఏంటంటే, ఆపరేషన్ ఆయన సొంత థియేటర్‌లోనే. చేసేది అభిరామ్. ఇక్కడే సార్ దగ్గర కత్తి పట్టడం నేర్చుకుని, ఇప్పుడు పెద్ద ఊళ్ళో ఇలాంటి కేసులే చేస్తున్న కుర్రాడు. ఇరవయ్యో తేదీ ఆదివారం తన మనుషుల్ని తీసుకుని వస్తానన్నాడట.

"ఇన్ని వేల మందిని ఆ టేబులు మీద పడుకోబెట్టాను. నా ఒంటికి మాత్రం పనికిరాదా?" అన్నారు.

"వెంటిలేటర్ ఒక్కటే ఉంది సార్ మనకి."

"నేనూ ఒక్కణ్ణే కదమ్మాయ్." ఫిల్ము కవర్లో పెట్టేస్తూ అన్నారు: "మత్తు నువ్వే."

నేను వద్దన్నాను. గుంటూరు నుంచి ఎవరినైనా పిలిపిద్దామన్నాను.

"వాళ్ళంతా నేను పొయ్యమంటే పోస్తారు, ఆపమంటే ఆపుతారు. నా మాట వినని మత్తు డాక్టరువి నువ్వొక్కదానివే. మత్తులో ఉన్నప్పుడు నాకు నువ్వే కావాలి."

ఇది మా పాత తగువు. బీపీ పడితే చాలు, మా ఇద్దరి మధ్య కట్టిన గుడ్డ తెరకి అవతల నుంచి ఆయన "సెలైన్ వదులమ్మాయ్" అని అరుస్తారు. వదిలేముందు ఈ గుండె దాన్ని తీసుకుంటుందా లేదా చూడాలంటాను నేను. సగం మందిలో ఎంత పోసినా గుండె ఒక్క గుక్క కూడా ఎక్కువ పంపదు. పోసిందంతా ఊపిరితిత్తుల్లోకీ పేగుల్లోకీ ఊరుతుంది. తీసుకునేది ఎవరో ముందే కనిపెట్టాలి. చాలా ఏళ్ళుగా నాకిదే పిచ్చి, మత్తు డాక్టరయ్యే పిల్లలకి ఏటా క్లాసు కూడా చెప్తాను. మణికట్టు నాళంలో సన్నని గొట్టం పెడితే మానిటర్ మీద ఎర్రగీత కొండల్లా లేస్తుంది. వెంటిలేటర్ ఊపిరి పోసినప్పుడల్లా ఆ కొండల ఎత్తు బాగా మారుతుంటే గుండె ఖాళీగా ఉన్నట్టు, సెలైన్ పనిచేస్తుంది. మారకపోతే పని చెయ్యదు. సార్ దానికి జాతకం అని పేరు పెట్టారు. "ఏమంటోంది జాతకం? పొయ్యమంటోందా?" అని తెర మీదుగా తల ఎత్తి అడుగుతారు.

ఆయన అడిగారు కాబట్టి ఒప్పుకున్నాను.

జూలై 15, మంగళవారం

బాపట్లలో సిజేరియన్. అయ్యాక వినోద్ కుమార్‌ని కలిశాను. కాలేజీలో నా క్లాస్‌మేట్, ఇప్పుడక్కడ ఐసీయూ చూస్తున్నాడు. విషయం చెబితే టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మన మనిషికి మనం మత్తివ్వకూడదు ఆసియా."

"ఆయన నా మనిషి కాదు. నా సర్జన్."

"అంతకంటే దగ్గర మనిషి ఉంటాడా?"

తిరుగు రైలు ఆలస్యం. స్టేషన్‌లో కూర్చుని ఆలోచించాను. ఆయనే అడిగారు. నేను కాదంటే ఆయన ఇంకెవరి మాటా వినరు. ఇంకెవరైనా ఆయన తిడతారని భయపడి పోసేస్తారు. నేనైతే లెక్క చూసి ఇస్తాను. ఆయన అడిగారు కాబట్టే.

జూలై 19, శనివారం

సాయంత్రం ఇంటికి వెళ్ళాను. సార్ స్నానానికి వెళ్ళినప్పుడు ఝాన్సీ అక్క వంటింట్లోకి పిలిచింది. సార్ భార్య. బోటనీ లెక్చరర్‌గా రిటైరైన మనిషి, ఎప్పుడూ దేనికీ తడబడదు. ఇవాళ పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడింది. స్టవ్ నేనే ఆపాను.

"తట్టుకుంటారంటావా?"

"తట్టుకుంటారక్కా."

"నీ మీద భారం వేసి ఆయన హాయిగా ఉన్నారమ్మా."

రెండేళ్ళ కిందట ఆయన గుండె కొన్నాళ్ళు తప్పుతాళం కొట్టింది. మందులతో సర్దుకుంది. ఈసీజీ బాగానే ఉంది. ఇవాళ మళ్ళీ చూశాను, బాగానే ఉంది.

జూలై 21, సోమవారం

నిన్న రాయలేకపోయాను.

టేబులు మీద పడుకుని సార్ పైకి చూసి, "ఈ లైటు ఇంత మురికిగా ఉందేంటి? ఇన్నేళ్ళలో ఒక్కడూ నాకు చెప్పలేదే" అన్నారు. అభిరామ్ నవ్వాడు. నేను మాస్కు ముక్కు మీద పెట్టి, "ఊపిరి పీల్చండి సార్" అన్నాను. "పీలుస్తున్నా. నువ్వు జాగ్రత్తగా పొయ్యి" అన్నారు. ఆ 'పొయ్యి' అన్న మాటకి నాకూ నవ్వొచ్చింది.

మొదట్లో అంతా చక్కగా సాగింది. అలాంటి గీత నేను ఈ మధ్య చూడలేదు. బీపీ కొంచెం పడింది, కొండలు ఊగాయి, చిన్న సీసా వదిలాను, గుండె అందుకుంది. మళ్ళీ ఊగాయి, మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ అందుకుంది. మూడోసారి బీపీ పడినా కొండలు ఊగలేదు. ఇవ్వలేదు. నాళాలు బిగించే మందు కొంచెం పెంచాను. సరిపోయింది. ఎవరికైనా చూపించాలనిపించింది. చూపించవలసిన మనిషి టేబులు మీద ఉన్నారు.

ఆ తరవాత గడ్డని వెనక పెద్ద సిర మీదనుంచి విడదీస్తుంటే అది చిరిగింది.

అభిరామ్ ఏమీ అరవలేదు. వేలు పెట్టి నొక్కి పట్టుకుని, "మేడమ్" అన్నాడు, అంతే. సక్షన్ గొట్టంలో ఎర్రటి చప్పుడు. రక్తం తెప్పించి ఎక్కిస్తూనే ఉన్నాను. సరిగ్గా అప్పుడే గుండె తాళం తప్పింది. కొండలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, రెండిటి మధ్య ఎడం ఒకేలా లేదు. తాళం తప్పిన గుండెలో ఆ ఊపుకి అర్థం ఉండదు. మానిటర్ మీద ఆ ఊపు ఎంతో చెప్పే నా అంకె ఉండే చోట అడ్డగీతలు పడ్డాయి. మిషను చేతులెత్తేసింది.

"ఎక్కించమంటారా ఆపమంటారా మేడమ్? మీరెలా చెప్తే అలా" అన్నాడు అభిరామ్.

తెరకి అవతలనుంచి నన్ను ఎవరూ తిట్టలేదు. ఆయన తిట్టి ఉంటే కాదనడానికి నాకొక మాట దొరికేది. ఎవరూ ఏమీ అనకపోతే ఎంత పొయ్యాలో నాకు తెలియలేదు.

పోశాను. బీపీ లేచింది. సిర కుట్టాడు. గడ్డ తీశాడు. అంతా అయ్యేసరికి ఆయన కనురెప్పలు ఉబ్బి, ముఖం వేరే ఎవరిదోలా ఉంది. గొంతులో గొట్టం తియ్యకుండా వెంటిలేటర్ మీదే ఐసీయూకి మార్చాం.

ఝాన్సీ అక్క ముఖం చూసి గుర్తుపట్టడానికి ఒక్క క్షణం తీసుకుంది.

జూలై 23, బుధవారం

గొట్టం తీసేశాం! గుండె తాళం కూడా దారిన పడింది.

బొంగురు గొంతుతో మొదటి మాట: "ఎంత పోశావ్?"

"తక్కువే సార్."

"అబద్ధం." కళ్ళు మూసుకుని నవ్వారు. షారోన్ తడిగుడ్డతో పెదాలు అద్దింది. బాపట్ల అమ్మాయి, నర్సు, ఆయన దగ్గరే పని నేర్చుకుంది. అద్దుతూ ఏడుస్తుంటే, "ఉప్పునీళ్ళు ఇప్పటికే ఎక్కువయ్యాయమ్మా, నువ్వు కూడానా" అన్నారు.

ఇంటికొచ్చి షఫీక్‌కి చెప్పాను. వాడు షాపు త్వరగా కట్టేసి వచ్చి బిర్యానీ తెచ్చాడు. చాలా రోజులకి ఆకలేసింది.

జూలై 25, శుక్రవారం

జ్వరం.

జూలై 26, శనివారం

కడుపులోంచి పెట్టిన గొట్టంలో వచ్చే నీరు రంగు మారింది. గడ్డ తీశాక పేగుకి వేసిన అతుకు లీకవుతోంది. అభిరామ్ వచ్చి చూశాడు. మళ్ళీ కోస్తే తట్టుకోరు, మందులతోనే చూద్దామన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "వేరే ఎవరికైనా అయితే ఇక్కడ సార్‌కి ఫోన్ చేసి అడిగేవాణ్ణి మేడమ్" అన్నాడు.

సాయంత్రానికి ఆయాసం. గొంతులో మళ్ళీ గొట్టం వేసింది నేనే. వేసేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు. ఆక్సిజన్ మాస్కు వల్ల వినపడలేదు. "సరే సార్" అన్నాను.

దేనికి సరే అన్నానో తెలియదు.

జూలై 28, సోమవారం

మూత్రం తగ్గిపోయింది. సంచిలో అడుగున కాస్త, టీ డికాషన్ రంగులో.

మళ్ళీ అదే ప్రశ్న. కిడ్నీలకి నీరు అందడంలేదా, లేక ఎక్కువైందా? పొయ్యాలా, పిండాలా? గుండె తాళం మళ్ళీ తప్పింది, కాబట్టి కొండల లెక్క పనికిరాదు. మిగిలింది ఒకటే. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తడం. కాళ్ళల్లో ఉన్న ఆయన రక్తమే గుండెలోకి జారుతుంది. అప్పుడు బీపీ పెరిగితే గుండె ఇంకా తీసుకోగలదని అర్థం. పెరగకపోతే వద్దని అర్థం. కాళ్ళు దించితే ఎక్కడి రక్తం అక్కడికి పోతుంది. ఏమీ పొయ్యకుండానే పోసి చూసినట్టు. ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

మంచం దానంతటదే వంగి ఎత్తాలి. మోటారు పాడై చాలాకాలమైంది. నేనూ షారోన్ చేత్తోనే ఎత్తాం, చెరో కాలు. బరువు. నేను మానిటర్ చూస్తూ నిలబడ్డాను.

పెరిగింది.

దించాక తగ్గింది. అంటే ఆయన గుండె అడుగుతోంది. సీసా వదిలాను. ఈ వారంలో నాకు కచ్చితంగా తెలిసిన విషయం ఇదొక్కటే.

జూలై 29, మంగళవారం

పెరిగింది. వదిలాను.

నిద్రమందు పూర్తిగా ఆపేశాను. మెలకువ వస్తే గొట్టం తియ్యొచ్చు. పేరు పెట్టి పిలిచాను, భుజం తట్టాను. కదలిక లేదు. మందు ఒంట్లోంచి పోవడానికి టైము పడుతుంది, కిడ్నీలు పనిచెయ్యట్లేదు కదా.

వినోద్ కుమార్ ఫోన్ చేస్తే లెక్కలన్నీ చెప్పాను. అంతా విని, "మంచం పనిచెయ్యట్లేదన్నావు. మరి కాళ్ళెలా ఎత్తుతున్నావ్?" అన్నాడు.

"చేత్తో."

"చేత్తో ఎత్తితే లెక్క తప్పుతుంది ఆసియా."

"వేరే మంచం లేదు."

"అయితే ఆ లెక్క నమ్మకు."

బాపట్లలో కూర్చుని చెప్పడం తేలిక. పెద్ద తేడా ఉండదు.

జూలై 30, బుధవారం

పెరిగింది. నిన్నటికంటే బాగా పెరిగింది.

ఝాన్సీ అక్క రోజంతా ఆయన తలవైపు స్టూలు మీద కూర్చుంటోంది. ఇవాళ అడిగింది: "నా మాట వినపడుతుందంటావా? ఏమన్నా మాట్లాడనా?"

అబద్ధపు ఆశ పెట్టకూడదనుకున్నాను. "లేదక్కా. ఆయనకిప్పుడు ఏమీ తెలియడం లేదు. నొప్పి కూడా తెలియదు, అది మంచిదే" అన్నాను.

"సరేనమ్మా" అని నోరు మూసుకుంది. ఆ తరవాత ఎప్పుడు వెళ్ళినా ఆవిడ ఆయనతో మాట్లాడటం చూడలేదు.

జూలై 31, గురువారం

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు తెల్లబడ్డాయి. ఇన్‌ఫెక్షన్ పాకింది. ఇన్‌ఫెక్షనే. కాళ్ళెత్తి చూశాను, పెరిగింది. గుండె అడుగుతుంటే పొయ్యకుండా ఎలా ఉంటాను? వదిలాను.

షఫీక్ అన్నం పెట్టి, "నువ్వు నాలుగు రోజులనుంచి 'పెరిగింది పెరిగింది' అంటున్నావ్. మరి మనిషి ఎలా ఉన్నాడు?" అన్నాడు.

వాడికి అర్థం కాదు.

ఆగస్టు 1, శుక్రవారం

రేపల్లెలో సిజేరియన్, తప్పలేదు. ఆడపిల్ల. పుట్టగానే బాగా ఏడిచింది. అక్కడి ఆయా పాప ఉయ్యాల దగ్గర నిలబడి, "కాఫీ తాగెళ్ళండి డాక్టరమ్మా, పిల్ల పుట్టిన ఇల్లు" అంది. తాగకుండా రైలెక్కాను. వరి నాట్లు మొదలయ్యాయి, దారి పొడుగునా పొలాల్లో నీళ్ళు. చూడబుద్ధి కాక అటువైపు కిటికీ దించేశాను.

తిరిగి వచ్చేసరికి ఆక్సిజన్ పూర్తిగా పెంచేసి ఉంది. కాళ్ళెత్తాం. పెరిగింది, కొద్దిగా.

ఆగస్టు 2, శనివారం

రాయని మాట ఒకటుంది. ఆ రోజు సార్ "మత్తు నువ్వే" అన్నప్పుడు నాకు సంతోషమేసింది. వద్దని పైకి అన్నాను. లోపల మాత్రం ఎవరో పూలదండ వేసినట్టనిపించింది. ఇన్నేళ్ళు ఎగతాళి చేసిన నా లెక్క చేతుల్లోనే తన ప్రాణం పెడుతున్నారని. గట్టిగా కాదని ఉంటే విజయవాడ వెళ్ళేవారేమో. ఝాన్సీ అక్క, నేను ఇద్దరం కూర్చోబెట్టి చెబితే వెళ్ళేవారేమో.

ఆయన అడిగారు కాబట్టి ఒప్పుకున్నాను అని రాశాను. అడగాలని ఎదురుచూశాను.

ఆగస్టు 3, ఆదివారం

ఎత్తాం. పెరగలేదు.

కాసేపాగి మళ్ళీ ఎత్తాం. షారోన్ నా వంక చూసింది. "ఇంకోసారి" అన్నాను. మూడోసారి కూడా గీత ఉన్నచోటే ఉంది. పాదాలు ఉబ్బి, నేను పట్టుకున్నచోట వేళ్ళ గుంటలు పడి అలాగే ఉండిపోయాయి.

స్పందన లేదు. ఇక పొయ్యకూడదు. ఇక పోసేదేమీ లేదు.

అభిరామ్ చేత డయాలసిస్ గురించి అక్కకి చెప్పించాను. బీపీ నిలవడానికి మూడు మందులు నడుస్తుంటే గుంటూరు దాకా మార్చడం కుదరదని కూడా వాడే చెప్పాడు. అక్క అంతా విని, "ఆయనైతే ఏం చెప్పేవారు?" అని అడిగింది. "ఇంటికి తీసుకెళ్ళండనేవారు" అని అక్కే అంది.

ఆగస్టు 5, మంగళవారం

పొద్దున్న పోయారు. ఇంటికి తీసుకెళ్ళడానికి అంబులెన్సు మెట్ల దగ్గర ఆగి ఉండగా పోయారు.

ఆగస్టు 6, బుధవారం

పెనుమూడిలో, కృష్ణ ఒడ్డున. వాళ్ళ పొలాలు అక్కడే. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చాయి. చొక్కా ఎత్తి పొట్ట మీద కుట్లు ఒకరికొకరు చూపించుకుంటున్నారు, "ఇది సార్ కోసిందే, ఇది సార్ కోసిందే" అని. షఫీక్ ఒడ్డుదాకా వెళ్ళాడు. నేను వంతెన దగ్గర కారులోనే ఉండిపోయాను.

ఆగస్టు 9, శనివారం

వినోద్ కుమార్ ఫోన్ చేశాడు. తిన్నావా, నిద్రపోతున్నావా అని అడిగాడు. కాళ్ళెత్తిన లెక్క గురించి ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటానికి కష్టపడుతున్నాడని తెలుస్తోంది.

ఆగస్టు 11, సోమవారం

సోమవారాలు సార్ కేసుల రోజు. అలవాటుగా తయారై మెట్లు దిగాక గుర్తొచ్చింది.

ఆగస్టు 14, గురువారం

వడ్లమూడిలో ఎల్లుండి మీటింగు. 'పెద్ద ఆపరేషన్లలో సెలైన్‌కి ఎవరు స్పందిస్తారో ముందే తెలుసుకోవడం' గురించి నేను మాట్లాడాలి, ఎప్పుడో ఒప్పుకున్నది. రాలేనని చెప్పేశాను. ఆరోగ్యం బాలేదన్నాను.

ఆగస్టు 24, ఆదివారం

పెద్దకర్మ అయ్యాక ఝాన్సీ అక్క రేపల్లెలో వాళ్ళ తమ్ముడింటికి వెళ్ళింది. ఒకసారి రమ్మని రెండుసార్లు ఫోన్ చేయించింది. వాయిదా వేస్తూ వచ్చాను. ఇవాళ వెళ్ళాను.

చిక్కిపోయింది. కానీ నన్ను చూడగానే లేచి ఎదురొచ్చింది. ఉప్మా తింటేగాని ఊరుకోలేదు. ఆసుపత్రి ఏం చేద్దామనుకుంటున్నారో చెప్పింది. అభిరామ్‌కి ఇచ్చేద్దామని ఉందట, వాడు ఇంకా ఏమీ అనలేదట. అంతా అయ్యాక తమ్ముడి భార్య లోపలికి వెళ్ళేదాకా ఆగి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"నీకో మాట చెప్పాలని పిలిచానమ్మా. ఇంకెవరికీ చెప్పలేదు. నువ్వూ షారోనూ రోజూ ఆయన కాళ్ళు పైకెత్తేవాళ్ళు కదా."

"అవునక్కా."

"ఎత్తినప్పుడల్లా ఆయన కళ్ళు తెరిచేవారు."

నేను తలెత్తి ఆవిడ వంక చూశాను.

"నువ్వు మానిటర్ వైపు చూస్తుండేదానివి. ఆ అమ్మాయి తలొంచుకుని కాలు పట్టుకుని ఉండేది. తలవైపు కూర్చునేది నేను కదా. కళ్ళు తెరిచి ముందు పైకి చూసేవారు, తరవాత నీ వైపు తిప్పేవారు. మీరు కాళ్ళు దించగానే మెల్లగా మూసుకునేవారు. మొదటిరోజే చెబుదామనుకున్నా. వినపడుతుందా అని అడిగితే ఆయనకేం తెలియదని నువ్వన్నావు కదా, ఇదేదో నరాల పనేమో, నీకు తెలియకుండా ఉంటుందా, చదువుకున్న దాన్ని అయ్యుండి ఏం అడిగేది అని ఊరుకున్నా. చివరి రోజు మూడుసార్లు ఎత్తారు చూడు, ఆ రోజు తెరవలేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది."

నాకు ఈ మాట విన్నాకే తెలిసిపోయింది. కాళ్ళు చేత్తో ఎందుకు ఎత్తకూడదో ఏటేటా పిల్లలకి నేనే చెప్తాను. ఎవరో వచ్చి కాళ్ళు పట్టుకుని లేపితే నిద్రలో ఉన్న మనిషి ఉలికిపడి మేలుకుంటాడు. మేలుకుంటే బీపీ పెరుగుతుంది. గుండెకి నీళ్ళు కావలసి కాదు, మనిషికి మెలకువ వచ్చి. ఆ తేడా తెలియకపోతే అక్కర్లేని మనిషికి పోస్తాం. అది ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

పెరిగింది, పెరిగింది అని రాసిన రోజులన్నిట్లో ఆయన మేలుకున్నారు. ప్రతిసారీ కళ్ళు తెరిచి నన్ను చూశారు. ప్రతిసారీ నేను సీసా వదిలాను. లీకు వల్లే పోయేవారని అభిరామ్ అంటాడు, వినోద్ కుమార్ కూడా అంటాడు. అది నిజమే కావొచ్చు. అయినా ఆయన మెలకువగా ఉన్నారు, భార్య పక్కనే ఉంది, ఆయనకేమీ తెలియదని నేను చెప్పినందుకు ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అక్క నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"మాట్లాడి ఉండాల్సిందమ్మా నేను. ఆ బాధ నాది, పోదు. కానీ ఒక్కటి మాత్రం ఉంది. ఆయనకి తెలిసింది. నువ్వొచ్చావని తెలిసింది. అమ్మాయి చూసుకుంటోంది అనుకునే ఉంటారు. అది తలుచుకునే నిద్రపోతున్నాను. చెప్పు, తెలిసే ఉంటుంది కదూ? నరాల పని కాదు కదూ?"

చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి, రెప్ప వెయ్యకుండా.

"కాదక్కా. మెలకువే" అన్నాను.

"అంటే మంచికే కదా?"

"మంచికేనక్కా" అన్నాను.